45 ప్రశ్నలు కూర్చిన మూడు నెలలు

ఒహాయో రాష్ట్రంలో మేముంటున్న ఊరి గ్రంథాలయంలో ఏటా ఫిబ్రవరి నెలలో, అమెరికన్ ఫుట్‌బాల్ సీజను తుది ఆట అయిన సూపర్ బౌల్‌కు ముందటి శనివారం సాయంత్రం, ఒక ట్రివియా (క్విజ్) పోటీ జరుగుతుంది. ఆరుగురేసి సభ్యులున్న జట్లు బల్లల చుట్టూ కూర్చుంటాయి. అమెరికా చరిత్ర, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, క్లాసిక్ రాక్ సంగీతం అనే మూడు విభాగాల్లో 15 చొప్పున 45 ప్రశ్నలు అడుగుతారు. గెలిచిన జట్టు ఒక పాత ఇత్తడి గంటను ఏడాదిపాటు తన దగ్గర ఉంచుకోవచ్చు. నిరుడు పోటీ ముగిశాక నేను ప్రశ్నలు కూర్చిన పెద్దాయన దగ్గరకు వెళ్ళి, 1969 నాటి ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం నిజానికి ఉడ్‌స్టాక్ ఊళ్ళో జరగలేదనీ, దానికి చాలా దూరంలో ఉన్న బెతెల్ అనే చోట మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో జరిగిందనీ, అందువల్ల మా జట్టుకు ఒక మార్కు రావలసి ఉందనీ వినయంగానే చెప్పాను. ఆయన అంతా విని, "అయితే వచ్చే ఏడు ప్రశ్నలు మీరే కూర్చండి" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. నవంబరులో గ్రంథాలయం నుంచి ఫోను వచ్చింది. ఆయన ఫ్లోరిడాకు మకాం మారుస్తూ, ఈ పని ఎవరికి అప్పగించాలో ఒక కాగితం మీద రాసి వెళ్ళారట. అందులో ఉన్నది నా పేరొక్కటే.

ఆ మూడు విషయాల్లోనూ నా చదువు అంతంత మాత్రమే. అమెరికా చరిత్ర నాకు వచ్చినంతవరకు పౌరసత్వ పరీక్ష పుణ్యమా అని వచ్చింది. నేను హాజరైననాటి పద్ధతిలో 100 ప్రశ్నల జాబితాను ముందుగానే ఇచ్చేవారు, ఇంటర్వ్యూలో అధికారి అందులోంచి 10 వరకు అడిగితే 6 సరిగ్గా చెబితే చాలు. ఫుట్‌బాల్‌ను ఇక్కడికొచ్చాక ఆఫీసు స్నేహితుల ఇళ్ళలో ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్ళకపోతే బంతి ఎదుటివాళ్ళ పాలవుతుందన్న ఒక్క సంగతి తలకెక్కడానికి నాకు ఒక సీజను పట్టింది. ఇక రాక్ సంగీతం అంటారా, గుంటూరులో ఇళయరాజా పాటల క్యాసెట్లతో పెరిగినవాడికి ఆ పేర్లు పోస్టర్ల మీద చూసినవే తప్ప చెవికి ఎక్కినవి కావు.

అయినా మొదటి వారంలోనే 60 ప్రశ్నలు రాసేశాను. మనకు ఈ విద్య చిన్నప్పుడే అబ్బుతుంది కదా. మొదటి సూపర్ బౌల్ ఎప్పుడు జరిగింది, లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం ఏ తేదీన జరిగింది, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ భవనాన్ని ఏ ఏడాది తెరిచారు, ఇలా వరుసగా సాగాయి. సరిచూడమని మా ఆవిడకు ఇస్తే, రెండు పేజీలు చదివి, "ఏమండీ, ఇది పోటీలా లేదు, పదో తరగతి బిట్ పేపరులా ఉంది" అంది. కొంచెం ఉక్రోషం వచ్చింది కానీ, ఆమె మాటలో తప్పులేదు. మొదటి సూపర్ బౌల్ ప్రశ్నకు 1967 జనవరి 15 అన్న జవాబు తెలిసినవాడు వెంటనే రాస్తాడు, తెలియనివాడు పెన్సిలు పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తాడు. ఆరుగురు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకోవడానికి అందులో చోటే లేదు. బల్ల మీద ఎవరికీ జవాబు సూటిగా తెలియకపోయినా, తెలిసిన ముక్కలు కలిపి దాన్ని చేరుకునే దారి ప్రశ్నలోనే ఉండాలి. అరవైలో యాభై రెండు కొట్టేశాను.

ఆ సూపర్ బౌల్ ప్రశ్ననే తిరగరాశాను. మొదటి ఆటను రెండు టీవీ సంస్థలు ఒకేసారి ప్రసారం చేశాయి, ఎందుకు? అప్పట్లో ఎన్ఎఫ్ఎల్, ఏఎఫ్ఎల్ అనే రెండు వేర్వేరు లీగులు ఉండేవనీ, వాటి విజేతలు తలపడిన ఆట అదనీ తెలిసినవారు, ఒక్కో లీగు ప్రసార హక్కులు ఒక్కో సంస్థ దగ్గర ఉండి ఉంటాయని ఊహించగలరు. నిజం కూడా అదే. సీబీఎస్ దగ్గర ఎన్ఎఫ్ఎల్ హక్కులూ, ఎన్‌బీసీ దగ్గర ఏఎఫ్ఎల్ హక్కులూ ఉండేవి. గ్రీన్ బే ప్యాకర్స్ 35-10 తేడాతో కాన్సాస్ సిటీ చీఫ్స్‌ను ఓడించిన ఆ ఆట ఫలితం కంటే, ఈ తగాదాలోనే నాకు రుచి కనిపించింది.

అక్కడి నుంచి నాకు ఒక దారి దొరికింది. ఫుట్‌బాల్ జట్ల పేర్లను గీరితే చాలు, కింద చరిత్ర బయటపడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు పేరులోని 49 అంకె 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు ఎగబడిన జనాన్ని గుర్తుచేసేది. బాల్టిమోర్ జట్టుకు రేవెన్స్ అన్న పేరు ఎడ్గర్ అలన్ పో కవిత నుంచి వచ్చింది. ఆ కవి 1849లో చనిపోయిందీ, సమాధి ఉన్నదీ ఆ ఊళ్ళోనే. గ్రీన్ బే ప్యాకర్స్ పేరు, ఆ జట్టును 1919లో మొదలుపెట్టిన కర్లీ లాంబో పనిచేసిన కంపెనీ నుంచి వచ్చింది. మాంసాన్ని డబ్బాల్లో నింపి అమ్మే ఆ సంస్థ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ అని చదివి ఒక్క క్షణం మనవాళ్ళే అనుకుని పొంగిపోయాను కానీ, వాళ్ళకూ మనకూ ఏ సంబంధమూ లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది ఫిలడెల్ఫియా ఈగిల్స్ కథ. 1933లో, మాంద్యం రోజుల్లో పుట్టిన ఆ జట్టు, పరిశ్రమలను నిలబెట్టడానికి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకపు చిహ్నమైన నీలి గద్దను తన పేరుగా తీసుకుంది. దాన్ని చరిత్ర విభాగంలో పెట్టి, ఆ పథకం ఏ అధ్యక్షుడి కాలం నాటిదని అడిగాను. పదేళ్ళ తర్వాత, 1943లో, ఆటగాళ్ళు చాలామంది సైన్యంలోకి పోవడంతో అదే జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో కలిసి ఒకే జట్టుగా ఆడిందనీ, జనం దాన్ని స్టీగిల్స్ అన్నారనీ ఇంకో ప్రశ్న తయారైంది.

డిసెంబరులో ఒక శనివారం కాంటన్ వెళ్ళాను. పుస్తకాల్లో చదివినదాన్ని ఒకసారి కళ్ళారా చూడాలనిపించింది, పైగా కారులో గంట లోపు ప్రయాణం. ఎన్ఎఫ్ఎల్ పుట్టిన ఊరు అది. 1920 సెప్టెంబరు 17న రాల్ఫ్ హే అనే వ్యాపారి తన హప్‌మొబైల్ కార్ల దుకాణంలో కొన్ని జట్ల యజమానులను కూర్చోబెట్టి లీగును ఏర్పాటు చేశాడు. అందరికీ కుర్చీలు చాలక కొందరు కార్ల అడుగుపట్టీల మీద కూర్చున్నారని చెబుతారు. అప్పటి పేరు అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్, 1922లో ఇప్పటి పేరు వచ్చింది. నాటి జట్లలో నేటికీ మిగిలినవి రెండే, బేర్స్, కార్డినల్స్. లీగు మొదటి అధ్యక్షుడు జిమ్ థోర్ప్. 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన ఈ ఆదివాసీ క్రీడాకారుడి కంచు విగ్రహం, 1963లో తెరిచిన ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టగానే ఎదురవుతుంది.

అక్కడికి దగ్గర్లోనే, చిన్న గుట్ట మీద, అధ్యక్షుడు విలియం మెకిన్లీ సమాధి ఉంది. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరంలో తుపాకీ దెబ్బ తిని ఎనిమిది రోజులకు చనిపోయిన ఆయన కాంటన్‌లోనే వకీలుగా పనిచేశాడు. కోటుకు ఎర్రటి కార్నేషన్ పువ్వు పెట్టుకోవడం ఆయనకు అలవాటు కాబట్టి ఒహాయో 1904లో దాన్నే రాష్ట్ర పుష్పం చేసుకుంది. సమాధికి వెళ్ళే మెట్లు మంచుకు తడిసి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. ఊరికే లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. 108 వచ్చింది. మన లెక్కలో ఎంతో శుభమైన ఆ అంకె ఇక్కడ ఎలా కుదిరిందా అని నవ్వుకుని, లెక్క తప్పానేమోనని దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాను. 108. సమాన మార్కులు వచ్చినప్పుడు అడిగే ప్రశ్నగా దాన్ని దాచుకున్నాను.

రాసినదాన్ని సరిచూడటం అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది. ఒకదాన్ని చూసి ఇంకోటి రాయని రెండు చోట్ల కనబడితేనే ప్రశ్నను ఉంచాలని నియమం పెట్టుకున్నాను. వాషింగ్టన్ కట్టుడు పళ్ళు చెక్కవన్నది అలా రాలిపోయింది, అవి దంతం, లోహం, మనుషుల పళ్ళు కలిపి చేసినవి. లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగాన్ని రైల్లో కవరు వెనక గీకాడన్నదీ అంతే. మా ఇంట్లో ఉన్న పాత క్విజ్ పుస్తకం, వరుసగా కాకుండా రెండుసార్లు అధ్యక్షుడైన ఏకైక వ్యక్తి గ్రోవర్ క్లీవ్‌లాండ్ అని ఇంకా అంటోంది. 2025 జనవరిలో ట్రంప్ మళ్ళీ ప్రమాణం చేయడంతో ఆ ఏకైక అన్న మాటకు కాలం చెల్లింది. పనిలో పనిగా, క్లీవ్‌లాండ్ నగరానికి ఈ అధ్యక్షుడి పేరు పెట్టారని నేనిన్నాళ్ళూ నమ్మింది కూడా తప్పని తేలింది. అది 1796లో ఆ చోటును కొలిపించిన మోజెస్ క్లీవ్‌లాండ్ పేరు, కాలక్రమంలో ఒక అక్షరం జారిపోయింది. కొన్నిటిని నిజమైనా వదిలేశాను. జీజీ టాప్ అనే రాక్ బృందంలో ఇద్దరికి పొడుగాటి గడ్డాలుంటే, బియర్డ్ (అంటే గడ్డం) అన్న ఇంటిపేరున్న మూడో ఆయనకు మాత్రం గడ్డం లేదన్నది అందరూ నవ్వుకునే ముచ్చటే. అయితే ఆయన గడ్డంతో ఉన్న ఏదో ఒక ఫోటో చూపించి ఎవరో ఒకరు లేస్తారని నా భయం. నిరుడు లేచింది నేనే కాబట్టి ఆ భయం నాకు బాగా తెలుసు.

రాక్ విభాగం దగ్గర చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది. మా పక్కింట్లో టైర్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. నేలమాళిగ నిండా గ్రామఫోను రికార్డులే. విషయం చెబితే, "చదివి రాస్తే చదివినట్టే ఉంటుంది, ముందు వినండి" అని గురువారం సాయంత్రాలు రమ్మన్నారు. రికార్డును అంచులు పట్టుకుని బయటికి తీసి, మఖమల్ కుంచెతో ఒక్కసారి తుడిచి, ముల్లు దించి, కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మొదటి సాయంత్రం లెడ్ జెప్లిన్ బృందం 1971లో విడుదల చేసిన ఆల్బంలోని చివరి పాట పెట్టి, గొంతునూ గిటారునూ పట్టించుకోకుండా డ్రమ్ములు మాత్రమే వినమన్నారు. ఆ దెబ్బలు ఏదో పెద్ద బావిలోంచి వస్తున్నట్టున్నాయి. ఇంగ్లండ్‌లో ఒక పాత భవంతిలో, మెట్లున్న ఎత్తైన హాల్లో కింద డ్రమ్ములు పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారట, అందుకే ఆ మోత. అసలు ఆ పాట వాళ్ళది కాదు, 1929లో మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు పాడిన బ్లూస్ పాట. 1927లో మిసిసిపీ నది గట్లు తెగి లక్షలమంది నిరాశ్రయులైన వరద దాని వెనక ఉంది. దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగినవాణ్ణి, ఈ సంగతి తెలిశాక పాటను రెండోసారి పెట్టమని నేనే అడిగాను. ఆ వరద సహాయ పనులను నడిపించిన వాణిజ్య మంత్రి దేశమంతటా పేరు తెచ్చుకుని మరుసటి ఏడే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు, ఆయనే హెర్బర్ట్ హూవర్. డ్రమ్ముల దగ్గర మొదలై శ్వేతసౌధం దాకా వెళ్ళిన ఆ ప్రశ్న, మొత్తం 45లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

నా సొంత ముచ్చటకోసం ఒకటి చేర్చాను. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్ ఏర్పాటు చేసిన కచేరీలో, మొదట రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లారఖాలు తమ వాద్యాలను శ్రుతి చేసుకుంటే జనం పెద్దపెట్టున చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ అన్నారు. జనం చప్పట్లు కొట్టింది దేనికి, అన్నది ప్రశ్న. మన కచేరీలకు వెళ్ళే అలవాటున్నవారికి మరీ సులువనీ, ఇక్కడివారికి మరీ కష్టమనీ పక్కింటాయన అన్నా తీయలేదు. కూర్చినవాడికి అంతమాత్రం స్వతంత్రం ఉండాలి.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆయన మాటే నెగ్గింది. మా ఊరికి దగ్గర్లోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1970 మే 4న, వియత్నాం యుద్ధాన్ని కంబోడియాకు విస్తరించడంపై నిరసన తెలుపుతున్న విద్యార్థుల మీద ఒహాయో నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 తూటాలు పేల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. రాక్ గాయకుడు నీల్ యంగ్ వెంటనే దాని మీద పాట రాయగా, ఆయన బృందం ఆ నెలలోనే రికార్డు చేసింది. చరిత్ర, సంగీతం ఒకే చోట కలిశాయి. పైగా తర్వాత స్టీలర్స్ జట్టులో పేరు మోసిన లైన్‌బ్యాకర్ (రక్షణ ఆటగాడు) జాక్ లాంబర్ట్ కూడా అక్కడ చదివినవాడే కావడంతో మూడు విభాగాలూ ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయాయి. నేను ఉత్సాహంగా చదివి వినిపించాను. పక్కింటాయన కాసేపు మాట్లాడలేదు. ఆ ఏడు ఆయనకు పదహారేళ్ళట. వాళ్ళ వీధిలోని ఒకమ్మాయి అప్పుడు అక్కడ చదువుతుంటే, ఫోను లైన్లు కలవక ఆమె తండ్రి రాత్రంతా వాకిట్లోనే నిలబడ్డాడట. ఆమె క్షేమంగానే వచ్చింది. "గెలిచినవాళ్ళు గంట మోగించే చోట అది అడగకండి" అన్నారు. కాల్పులనూ పాటనూ తీసేసి, జాక్ లాంబర్ట్, ఈగిల్స్ అనే రాక్ బృందంలో గిటారు వాయించిన జో వాల్ష్, ప్రిటెండర్స్ బృందపు గాయని క్రిసీ హైండ్ ముగ్గురూ ఏ విశ్వవిద్యాలయంలో చదివారని మాత్రమే మిగిల్చాను.

పోటీకి రెండు రోజుల ముందు, చదివి వినిపించవలసిన గ్రంథాలయ ఉద్యోగిని జాబితా చూసి, స్వాతంత్ర్య ప్రకటన మీద ఎప్పుడు సంతకాలు చేశారన్న ప్రశ్నకు అడ్డుచెప్పారు. ప్రకటనను ఆమోదించింది 1776 జూలై 4న, ఎక్కువమంది సంతకం చేసింది ఆగస్టు 2న, కాబట్టి వాదన వస్తుందన్నారు. నిజమే. తీసేసి, ఆ ఖాళీలో ఒహాయో నుంచి ఎంతమంది అధ్యక్షులు వచ్చారని అప్పటికప్పుడు రాసేశాను. జవాబు 8. ఈ రాష్ట్రంలో బడిపిల్లలకు కూడా తెలిసినదే కదా అని రెండోసారి చూసుకోలేదు.

తొమ్మిది జట్లు వచ్చాయి. నేను న్యాయనిర్ణేతగా ఒక మూల కూర్చున్నాను. ఫిలడెల్ఫియా ఈగిల్స్ ప్రశ్నకు ఒక బల్లవారు రూజ్‌వెల్ట్ అని మాత్రమే రాసి ఊరుకుంటే, ఇద్దరు రూజ్‌వెల్ట్‌లు ఉన్నా 1933కు సరిపోయేవాడు ఒక్కడే కాబట్టి మార్కు ఇచ్చాను. హూవర్‌ను ఆరు బల్లలవారు పట్టుకున్నారు. శ్రుతి ప్రశ్న రెండు బల్లలకే తెలిసింది. ఇక ఒహాయో ప్రశ్నకు ఐదు బల్లలవారు 8 అనీ, ముగ్గురు 7 అనీ, ఒకరు 6 అనీ రాశారు. జవాబు చదవగానే మూడో బల్ల నుంచి తెల్లటి జుట్టున్న ఒక పెద్దావిడ, చేతిలో అల్లికతోనే లేచి నా దగ్గరకు వచ్చి, విలియం హెన్రీ హారిసన్ 1841లో నెల రోజులే అధ్యక్షుడిగా ఉండి చనిపోయాడనీ, ఆయన కాపురం ఒహాయోలోనే అయినా పుట్టింది వర్జీనియాలో అనీ, వర్జీనియా వాళ్ళు కూడా ఆయన్ను కలుపుకునే ఎనిమిది అని చెప్పుకుంటారనీ, ఇక్కడ పుట్టినవారు ఏడుగురేననీ అన్నారు. గొంతు పెంచలేదు. నిరుడు నేను మాట్లాడిన తీరు కంటే ఎంతో మర్యాదగా ఉంది. పుట్టినవారా, ఇక్కడ స్థిరపడినవారా అన్నది ప్రశ్నలో లేదు, ఆ లోపం పూర్తిగా నాదే. 7కూ 8కీ రెండిటికీ మార్కు ఇచ్చాను. 8 రాసినవారిలో కొందరికి అది నచ్చలేదు. పైగా అలా ఇవ్వడంతో మొదటి స్థానంలో రెండు జట్లు సమానంగా నిలిచాయి. మెకిన్లీ సమాధి మెట్లు అడగవలసి వచ్చింది. ఒకరు 144 అన్నారు, పెద్దావిడ జట్టువారు 100 అన్నారు. గంట వాళ్ళకే వెళ్ళింది.

జవాబు పత్రాలను ఇంటికి తెచ్చుకుని మర్నాడు ఒక్కొక్కటే చూశాను. ఏ ప్రశ్నను ఎందరు రాశారో లెక్క వేసి పెట్టుకోవాలని, నిరుడు ప్రశ్నలు కూర్చిన పెద్దాయన రాసిపెట్టిన సూచనల్లో ఉంది. అందరూ రాసినవి నాలుగు, ఎవరూ రాయనిది ఒకటి. విశ్వవిద్యాలయం ప్రశ్నకు తొమ్మిది పత్రాల్లోనూ కెంట్ స్టేట్ అనే ఉంది. వాటిలో ఒకదానిపై, ఆ పేరు కింద, పెన్సిలుతో చిన్న అక్షరాల్లో మే 4 అని రాసి ఉంది.